బావకు కన్నడం మిగిలింది

బళ్ళారి వెళ్ళొచ్చానని చెప్పగానే తెనాలిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, కోట చూశావా అని. చూశాను, బస్సు కిటికీలోంచి. అదీ ఎండకు కళ్ళు చికిలించుకుని, పక్కామె భుజం మీదుగా. కోటలూ కొండలూ కావలసినవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యవచ్చు. నేను వెళ్ళింది మా బావ మెదడును బాగుచెయ్యడానికి.

జంతుశాస్త్రం లెక్చరర్‌గా రిటైరయ్యాక నేను ఒక వారపత్రికలో మెదడు ఆరోగ్యం గురించి శీర్షిక రాస్తున్నాను. పక్షవాతం, మతిమరుపు, వణుకుడు జబ్బు, ఏదైనా సరే, కొత్త పరిశోధనలు ఏమంటున్నాయో చదివి నలుగురికీ అర్థమయ్యేలా చెబుతాను. చెప్పీ చెప్పీ ఆ పరిశోధనలన్నీ నేనే చేశానేమోనన్న భ్రమ ఒకటి నాలో స్థిరపడింది. నిజానికి నా చేతికి దొరికిన మెదళ్ళు కప్పలవి మాత్రమే. వాటిలో ఒక్కటీ బాగుపడలేదు.

మా అక్క రాజేశ్వరి పెళ్ళయి కురుగోడు దగ్గర ఒక క్యాంపుకు వెళ్ళింది. క్యాంపు అంటే, తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో మన కోస్తా రైతులు అక్కడ భూములు కొనుక్కుని కట్టుకున్న పల్లె. ఇప్పటికీ ఆ వీధుల్లో వినపడేది గుంటూరు తెలుగే. అక్కకు కన్నడం అవసరం పెద్దగా పడలేదు. బావ వెంకట్రావు సంగతి వేరు. పలక పట్టే వయసులో తండ్రి వెంట వచ్చాడు. బడి కన్నడంలో, కూలీలతో మాట కన్నడంలో, కాలువ నీళ్ళ దగ్గర పోట్లాట కన్నడంలో. ఇంటికొస్తేనే తెలుగు.

పోయిన ఎండాకాలం చివర బావ పొలంలో పక్షవాతం వచ్చి పడిపోయాడు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి స్వాధీనం తప్పింది, మాట పోయింది. కొన్ని వారాలకు మాట ముక్కలు ముక్కలుగా తిరిగి రావడం మొదలుపెట్టింది. వచ్చినవన్నీ కన్నడం ముక్కలే. తెలుగు ఒక్కటీ లేదు.

"ఈయన నాతో మాట్లాడటం లేదే," అంది అక్క ఫోన్లో. "కూలీలతో మాట్లాడతాడు, నాతో మాట్లాడడు. ఏవేవో రాస్తావు కదా, ఒకసారి వచ్చి చూసిపో."

వెంటనే గుంటూరులో ఒక పునరావాస కేంద్రంలో బావకు మంచం మాట్లాడేశాను. చుట్టూ తెలుగు వినపడితే తెలుగు తిరిగి వస్తుందని నా సిద్ధాంతం. దానికి ఆధారంగా బోలెడన్ని జిరాక్సు కాగితాలు, బావకు మాటలు నేర్పడానికి బొమ్మల కార్డులు, అక్కకు ఒక సీసా ఆవకాయ సర్దుకుని బయలుదేరాను.

గుంతకల్లు దాటాక

గుంతకల్లు దాటాక నేల నల్లబడింది, భాష కూడా రంగు మారింది. "యాడికి పోతాండావమ్మా?" అన్నాడు టీ అమ్మే మనిషి. ఆ మాట ముందు నా తెలుగు రేడియో వార్తల్లా వినిపించింది నాకే. బళ్ళారి అని చెప్పి, అక్కడ చూడదగ్గవి ఏమున్నాయని అడిగాను.

"ఎండ," అన్నాడతను, చిల్లర ఇస్తూ.

బళ్ళారిలో దిగి బస్టాండు దగ్గర ఒగ్గరణి, మిర్చి తిన్నాను. ఒగ్గరణి అంటే మరమరాలు తడిపి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయలూ పసుపూ పుట్నాల పొడీ వేసి పెట్టిన తాలింపు. మిర్చి అంటే మన మిరపకాయ బజ్జీ. మనం ఆ మిరపకాయకు గింజలు తీసి, వాము కూరి, నాలుగు మంచి బుద్ధులు చెప్పి నూనెలో వేస్తాం. అక్కడ దాన్ని దాని స్వభావానికే వదిలేస్తారు. ప్లేటు మన కాఫీ కంటే చవక. దాని మంట ఆర్పడానికి తాగిన మజ్జిగతో కలిపితే మాత్రం లెక్క సరిపోయింది.

కురుగోడు బస్సులో పక్క సీటామె ఆప్యాయంగా నావైపు తిరిగి, "ఊట ఆయ్తా?" అంది.

నా ఒళ్ళో సంచీ, సంచీలో ఆవకాయ సీసా. ఊట అయిందా అని అడుగుతోందంటే ఊట బయటికి వచ్చిందన్నమాట. గబగబా సంచీ విప్పాను. మూత వదులై, నూనె నిజంగానే కారింది. మెదడు పునర్నిర్మాణం మీద ప్రపంచం నలుమూలలా జరిగిన పరిశోధన అంతా ఎర్రగా, ఘాటుగా తడిసి ఉంది. ఎంత సూక్ష్మదృష్టి ఈమెది అనుకుంటూ రెండు చేతులా దణ్ణం పెట్టాను. ఆమె కంగారుగా కిటికీ వైపు జరిగింది.

ఊట అంటే కన్నడంలో భోజనమనీ, భోజనమయిందా అని అడగడం అక్కడ కుశలప్రశ్న అనీ సాయంత్రం అక్క చెప్పింది.

క్యాంపులో

బావ వరండాలో కుర్చీలో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. మూతి ఒక పక్కకే నవ్వింది. ఏదో అనబోయి నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, గొంతులో నరాలు తేలాయి, మాట రాలేదు. ఒక నిమిషం చూసి, చేతికర్ర అందుకుని కాలువ గట్టు వైపు వెళ్ళిపోయాడు.

"చూశావుగా," అంది అక్క. "నేను పలకరించినా అంతే. లేచిపోతాడు."

కాసేపటికి గట్టు మీది నుంచి బావ గొంతు వినపడింది. పాలేరును అడుగుతున్నాడు, "నీరు బంతా?" అని. నీళ్ళు వచ్చాయా అని. మాట ముద్దగా ఉంది గానీ మాటే. అక్క చేతిలో చాట అలాగే ఆగిపోయింది.

ఆ రాత్రి భోజనంలో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. మన గోంగూరకు అన్నం తప్ప వేరే సంబంధం కుదరదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. జొన్నరొట్టెతో అది హాయిగా కాపురం చేస్తోంది. ఇంత మంచి భోజనం మధ్యలో నేను అక్కకు మెదడు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎడమవైపు ఏ భాగం మాటను కూరుస్తుందో, రెండు భాషలు వచ్చినవాళ్ళలో అవి ఎలా అల్లుకుని ఉంటాయో, ఒకటి దెబ్బతిని ఒకటి మిగలడం ఎంత ఆసక్తికరమో.

"ఆసక్తికరమా," అంది అక్క.

నేను నోరు మూసుకున్నాను. కొంచెం ఆలస్యంగా మూసుకున్నాను.

మర్నాడు మిరపకాయలకు తొడిమెలు తీస్తూ తనే చెప్పింది. పడిపోవడానికి ముందురోజు ఇద్దరూ గొడవపడ్డారట. బావ రక్తపోటు మాత్రలు మానేశాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

"విసిగిపోయి అన్నాను. మీ ఇష్టం, రేపు ఎక్కడైనా పడితే మాత్రం నన్ను పిలవకండి అని. తెల్లారి పడ్డాడు. అప్పట్నుంచి పిలవడం లేదు." తొడిమెలు ఒక పక్కకు నెట్టింది. "నువ్వు మెదడంటావు. డాక్టరూ మెదడే అన్నాడు. మెదడుకు కూలీలెవరో పెళ్ళామెవరో తెలుస్తుందటే? కోపం కాకపోతే ఏంటది?"

జవాబు లేనప్పుడు నేను చేసే పనే చేశాను. బొమ్మల కార్డులు తీశాను.

అవి పిల్లల పుస్తకాల షాపులో కొన్నవి. కొనేటప్పుడు ఏ బొమ్మలున్నాయో చూడలేదు. బావ ముందు కూర్చుని ఒక్కొక్కటే పట్టుకున్నాను. జిరాఫీ. ఓడ. మంచు ఇల్లు. జీవితమంతా వరి పండించిన మనిషి వాటిని ఓపికగా చూశాడు. నాలుగోది పెంగ్విన్.

"ఇదేంటి బావా? ప్రయత్నించు. తొందర లేదు."

బావ పెంగ్విన్‌ను చూశాడు. నన్ను చూశాడు. ఎడమచేత్తో కార్డు లాక్కుని నేలకు కొట్టి, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా, కన్నడంలో ఒక మాట అన్నాడు.

నా ఒళ్ళు పులకరించింది. పెంగ్విన్‌కు కన్నడంలో అంత పెద్ద పేరుందని నాకు తెలియదు. మరిచిపోకుండా ఆ మాటను నాలుగైదుసార్లు వల్లె వేసుకున్నాను.

గాంధీనగర్

వారానికి రెండు పూటలు అక్క బావను బళ్ళారి తీసుకువెళుతుంది. గాంధీనగర్‌లో ఒక ఇంటి కింది భాగంలో మాటకూ చేతికీ అభ్యాసాలు చేయించే చోటు ఉంది. ఈసారి నేనూ వెళ్ళాను. దారిలో ఇనుప ఖనిజం లారీల దుమ్ముకు నా తెల్లచీర కాషాయమైంది. ఆ రంగు నాకు కొంత పెద్దరికం ఇచ్చిందనే అనుకుంటూ లోపలికి నడిచాను.

హాల్లో ఓబులేసు అనే మనిషి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అనంతపురం వైపువాడు, తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపేవాడు. నడివయసు కూడా దాటకుండానే పక్షవాతం వచ్చింది. అతని మంచి చేతికి మందపాటి తొడుగు వేసి కట్టేశారు. వంకరపోయిన రెండో చేత్తో పళ్ళెంలోంచి మరమరాలు ఒక్కొక్కటే ఏరుకుని నోట్లో వేసుకోవాలి. మంచి చేతిని ఆపితేనే దెబ్బతిన్న చెయ్యి పని అందుకుంటుందని, మెదడు కొత్త దారులు వెతుక్కుంటుందని నేను ఎన్నిసార్లు రాశానో. ఒక మరమరం వేళ్ళ మధ్య పట్టుబడటానికి ఎంత చెమట పడుతుందో మాత్రం రాయలేదు. నాకు తెలియదు.

"పొద్దున్నించీ ఇదే పనక్కా," అన్నాడు ఓబులేసు. "కడుపు నిండేలోపల సాయంత్రమైతాది."

మాట నేర్పే అమ్మాయి పేరు శైలజ. బళ్ళారిలోనే పుట్టిన కన్నడమ్మాయి, తెలుగు ఈ ఊరి తెలుగు. నన్ను నేను పరిచయం చేసుకున్నాను. శీర్షిక గురించి కూడా చెప్పాను. ఆపైన, బావ నిన్న పెంగ్విన్ బొమ్మకు కన్నడంలో పేరు చెప్పాడని, అందరికీ వినపడేలా ఆ పేరు పలికాను.

బావ తల దించుకున్నాడు. ఓబులేసుకు మరమరం గొంతుకు అడ్డం పడింది. నీళ్ళు తాగి తేరుకున్నాక అతనే అన్నాడు.

"అది పక్షి పేరు కాదక్కా. మా షిఫ్టులో క్రేను మధ్యలో నిలిచిపాయనంటే అంటాం, ఆ మాట."

శైలజ నవ్వు ఆపుకుంటూ నన్ను ఆదుకుంది. "మామూలు మాట కూర్చుకోను రానోళ్ళకు గూడ తిట్లు, పాటలు, అంకెలు ఒక్కోసారి నేరుగా వచ్చేస్తాయి మేడం. మీకు తెలిసే ఉంటాది."

తెలిసే ఉంది. శీర్షికలో రాశాను కూడా. బాగుందని ఉత్తరాలు సైతం వచ్చాయి.

శైలజ బావను లోపలికి తీసుకువెళ్ళింది. అక్కనూ నన్నూ గోడవార కూర్చోబెట్టింది. బల్ల మీద తాళం, చెంచా, గ్లాసు, దువ్వెన పెట్టి, తెలుగులో అడిగింది.

"అప్పా, ఆ తాళం తీసి అమ్మ చేతికియ్యండి."

బావ ఎడమచేత్తో తాళం తీసి అక్కకు ఇచ్చాడు.

"చెంచాను గ్లాసు ఎనకాల పెట్టి, దువ్వెన నాకు ఇయ్యండి."

అదీ చేశాడు. ఇంకా చిక్కుముళ్ళు వేసి అడిగింది. కొంచెం ఆలోచించి అన్నీ చేశాడు.

"తెలుగు అంతా అర్థమైతాండాది," అంది శైలజ అక్కతో. "లోపలికి పోతాది. బయటికి రావల్ల, అదే రావడం లేదు."

అక్క చేతిలో తాళం బిగించి పట్టుకుంది. "అంతా అర్థమవుతోందా? మొదటినుంచీ?"

"మొదటినుంచే ఉండొచ్చు అమ్మా."

అక్క ముఖం తెల్లబోయింది. ఎందుకో నాకు తెలుసు. ఇంటికి చూడవచ్చిన ప్రతివాళ్ళతో అక్క అదే మాట అనేది. మనిషి ఉన్నాడు గానీ లేడు అని. బావ కుర్చీ పక్కనే నిలబడి అనేది. నాతోనూ అంది.

కాసేపటికి అక్క శైలజ వైపు తిరిగింది. "నాకు ఆయన్ని ఒకటి అడగాలనుందమ్మా. నువ్వు కన్నడంలో అడిగి చెప్పు."

"మీరే అడగండి, తెలుగులోనే. ఆయప్ప దగ్గర ఏ మాటుంటే దాంతో చెప్తాడు. తొందర పెట్టొద్దు, అంతే."

అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. బావ ముఖంలోకి చూసి అడగడానికి చాలాసేపు పట్టింది.

"పడితే నన్ను పిలవొద్దన్నాను. అందుకని నామీద కోపమా?"

బావ పెదవులు కదిలాయి. ఆగాయి. మెడ నరాలు ఉబ్బాయి. లేచిపోతాడనుకున్నాను. లేవలేదు.

"ఇల్ల," అన్నాడు.

లేదు అని. ఆ మాత్రం కన్నడం నాకూ అర్థమైంది. బావ ఇంకా వెతుకుతున్నాడు. ఎడమచెయ్యి ఎత్తి తన నోటి మీద పెట్టుకుని, అక్కను చూస్తూ ఇంకో మాట అన్నాడు.

"భయ."

ఎవరూ అనువాదం చెయ్యలేదు. శైలజ నెమ్మదిగా బావను కన్నడంలో ఏదో అడిగింది, బావ "హౌదు" అని తల ఊపాడు.

"తెలుగు మాటకోసం తడుముకుంటాడంట. దొరకదు. కూలోళ్ళ ముందర ఎట్లైనా ఫర్వాలేదు. మీ ముందర నోరు తెరిచి నిలబడిపోతానేమోనని లేచిపోతాడంట."

అక్క బావ కుడిచేతిని, ఆ చల్లటి, పట్టులేని చేతిని, తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాను, కోట కనిపిస్తుందేమో చూద్దామని. కిటికీ అవతల పక్కింటి గోడ ఉంది. దాన్నే చాలాసేపు చూశాను.

గుంటూరు మంచం

తేరుకున్నాక నా గుంటూరు సిద్ధాంతం శైలజ ముందు పెట్టాను, నూనె అంటని కాగితాలు కొన్ని చూపిస్తూ. ఆమె కొట్టిపారెయ్యలేదు. పక్షవాతం తరవాత ఏ భాష ముందు వస్తుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరంది. కొందరికి చిన్నప్పటిది, కొందరికి ఎక్కువ వాడినది. ఒక భాషలో చేసిన సాధన కొందరిలో రెండో భాషకూ సాయపడుతుంది, కొందరిలో పడదు. నెలలు గడిచాక కూడా మార్పు రావచ్చునని ఇప్పటి పరిశోధన చెబుతోంది. నా కాగితాల్లోనూ ఇదే ఉంది. నాకు నచ్చిన వాక్యాల కింద మాత్రమే నేను గీతలు గీసుకున్నాను.

"తీసుకపోవాల్నంటే పోండి మేడం. ఆడా బాగానే చూస్తారు."

"అక్కడికి తీసుకెళితే, వచ్చిన ఆ నాలుగు మాటలు వినేదెవరే?" అంది అక్క నాతో. "ఇక్కడైతే పాలేరు ఉన్నాడు. కాలువ ఉంది. నేను నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా?"

నా నోట్లోంచి వచ్చిన మాట అది. ఏ వయసులోనైనా మెదడు కొత్తది నేర్వగలదని నెలకొకసారి రాసే నా నోట్లోంచి. అక్క నా శీర్షిక చదవదు కాబట్టి బతికిపోయాను.

బయటికి వచ్చి గుంటూరుకు ఫోను చేసి మంచం వద్దన్నాను. పేషెంటు ఎందుకు రావడం లేదని అడిగారు. పొలానికి నీళ్ళ వంతు వచ్చిందని చెప్పాను.

హాలు, పాలు

ఆ తరవాతి రోజులు అక్క ఇంట్లో భోజనాల బల్ల మీద గడిచాయి. రెండు భాషల్లోనూ దగ్గరగా ఉండే మాటలు వాడి చూడమంది శైలజ. కన్నడంలో హాలు, మనకు పాలు. హత్తి, పత్తి. హూవు, పూవు. అక్క పాలగ్లాసు ఎత్తి "హాలు" అనేది. బావ "హాలు" అనేవాడు. "పాలు" అనేది అక్క. బావ పెదవులు మూసుకునేవి, తెరుచుకునేవి, మళ్ళీ "హాలు" అనేవాడు. అక్క గ్లాసు చేతికిచ్చేది. ఏ భాషలో అడిగినా పాలు ఇవ్వాల్సిందేనని శైలజ చెప్పింది. బావ తడుముకుంటున్నప్పుడు అక్క ఊరుకుని కూర్చోవడం నేర్చుకుంది. బావ లేచి వెళ్ళకుండా ఉండటం నేర్చుకున్నాడు. రెండూ సులువుగా రాలేదు. ఒక పూట బావ గ్లాసు విసిరేశాడు. ఒక పూట అక్కే లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను కూడా సాయం చేశాను. కన్నడ హకారం మనకు పకారమవుతుందన్న సూత్రం దొరికేసరికి ఆగలేకపోయాను. హులి పులి అయింది, హావు పాము అయింది, హెండతి పెండ్లామయింది. అదే ఊపులో, కాఫీ తాగుతూ, కాబట్టి హోటల్ కూడా మన పూర్వులకు పోటల్ అయి ఉండాలని ప్రకటించాను.

బావ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు. పడిపోయిన తరవాత ఆయన అంతలా నవ్వడం అదే మొదటిసారని అక్క చెప్పింది. నా శాస్త్రజ్ఞానం ఆ ఇంటికి చేసిన మేలు ఇదొక్కటే.

ఇన్ని రోజుల్లో తెలుగు మాట ఒక్కటి కూడా రాలేదు. అక్కకు మాత్రం కన్నడం ధారాళంగా రాసాగింది. అన్నేళ్ళు చెవిన పడ్డది ఎక్కడికి పోతుంది.

కురుగోడు బస్టాండు

నన్ను బస్సెక్కించడానికి ఇద్దరూ ఆటోలో వచ్చారు. బావ రావడం నేను ఊహించలేదు. జనంలోకి రావడం మానేసి చాలాకాలమైందట. కర్ర పట్టుకుని బస్సు పక్కన, నా కిటికీ కింద నిలబడ్డాడు. తెలిసినవాళ్ళు ఒకరిద్దరు పలకరిస్తే తల ఊపాడు.

బస్సు బయలుదేరేలోపు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. కిటికీలోంచి వంగి చెప్పాను. మాత్రలు మానకూడదు. ఉప్పు తగ్గించాలి. నిద్ర చెడకూడదు. రోజూ నడవాలి, చేతి అభ్యాసం ఒక్కపూట కూడా తప్పకూడదు, మాట రాలేదని దిగులు పడకూడదు, దిగులు మెదడుకు చేటు, ఈ విషయం మీద ఈమధ్యనే ఒక...

బావ ఎడమచెయ్యి పైకెత్తాడు.

"చాలు," అన్నాడు.

నేను వాక్యం మధ్యలో ఆగిపోయాను. అక్క ఆయన వైపు తిరిగింది. కన్నడంలో సాకు అంటారు. ఆయన సాకు అనలేదు. బావ కూడా, వెనకనుంచి ఎవరో అన్నట్టు, ఆశ్చర్యంగా నిలబడిపోయాడు.

అక్క ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. పరీక్ష పెట్టవద్దని శైలజ మరీ మరీ చెప్పింది. అక్క అదంతా మరిచిపోయింది.

"ఏమన్నారు? ఏదీ, ఇంకోసారి అనండి."

కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది. బావ పెదవులు కదులుతుండటం కనిపించింది గానీ ఇంజను మోతలో నాకేమీ వినపడలేదు. వంగి చూస్తుంటే కండక్టర్ తల లోపలికి పెట్టమని కసిరాడు.

బళ్ళారిలో దిగీ దిగగానే అక్కకు ఫోను చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"మళ్ళీ అన్నాడా? ఏమన్నాడు?"

"ఉండవే," అంది అక్క. "మేం మాట్లాడుకుంటున్నాం."

ఫోను పెట్టేసింది.